నీళ్లు తాగే లారీ

నేను ఒక లారీని. అంటే, ఒకప్పుడు. ఇప్పుడు నన్ను చూసినవాళ్లెవరూ ఆ మాట నమ్మరు. నమ్మకపోతే పోనీండి. మనుషులు నమ్మినవాటి వల్ల నేను పడ్డ పాట్లు తలుచుకుంటే, వాళ్లు నమ్మకపోవడమే మేలనిపిస్తుంది.

పుట్టినప్పుడు నాకు ఒళ్లు లేదు. ఫ్యాక్టరీ గేటు దాటేటప్పటికి ఉన్నదల్లా రెండు పొడవాటి ఇనప దూలాలు, ముందొక ఇంజను, కింద ఆరు చక్రాలు. పైన కప్పు లేదు, పక్కన తలుపు లేదు. అట్లాగే ఒకడు తలకి తువ్వాలు చుట్టుకుని, కళ్లకి నల్లద్దాలు పెట్టుకుని, చెక్కపెట్టె మీద కూర్చుని నన్ను రాష్ట్రాలు దాటించి తోలుకొచ్చాడు. ఎండా వానా దుమ్మూ ఇద్దరం సమానంగా తిన్నాం. దారిపొడవునా ఊళ్లవాళ్లు నన్ను చూస్తుంటే ఒంటిమీద గుడ్డ లేకుండా పెళ్లికి వెళుతున్నంత సిగ్గేసేది.

బెజవాడ ఆటోనగర్ చేరాక వడ్రంగులు నాకు బాడీ కట్టారు. పక్కలకి మామూలు చెక్క వేసి, వెనక తలుపుకి మాత్రం టేకు వేశారు. ఆ వెనక తలుపుని లారీవాళ్లు డాలా అంటారు. లోడు దించేటప్పుడు తప్ప దానితో పనుండదు. అంత మంచి చెక్క వెనక్కెందుకని వడ్రంగి అడిగితే, నన్ను కొన్న రంగనాయకులు గారు, "నా వెనక వచ్చేవాడు చూసి ఏడవద్దూ?" అన్నారు. మనుషులు వస్తువులు కొనుక్కునేది తమ కోసమే అనుకునే అమాయకత్వం నాకు ఆ రోజుతోనే వదిలింది.

రంగనాయకులు గారికి రైసు మిల్లుండేది. నా నుదుటిమీద లక్ష్మీదేవిని రాయించి ధాన్యం తోలించారు. మిల్లు దెబ్బతిన్నాక నన్ను క్వారీ నడిపే గుర్నాథం గారికి అమ్మేశారు. గుర్నాథం గారు లక్ష్మీదేవి మీద సున్నం కొట్టించి ఆంజనేయుణ్ణి రాయించారు. ఆ తర్వాత వచ్చిన సుబ్బారాయుడు గారు ఆంజనేయుడి మీద కనకదుర్గమ్మని రాయించారు. యజమాని మారినప్పుడల్లా పాత దేవుడి మీదే కొత్త దేవుణ్ణి దించేవాళ్లు. లోపలున్న దేవుళ్లు సర్దుకుపోయారు గానీ నేను సర్దుకోలేని ముచ్చట ఒకటి ఆ క్వారీలోనే జరిగింది.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. గుర్నాథం గారి డ్రైవరు నా రేడియేటరులో చుక్క నీళ్లున్నాయో లేదో చూడకుండా కంకర లోడుతో గుట్టెక్కించాడు. సగంలో ఇంజను కాగిపోయి ఆగిపోయాను. అట్లా ఆగినదాన్ని కాసేపు వదిలెయ్యాలి. తనంతట తాను చల్లారనివ్వాలి. అతగాడికి అంత ఓపికేదీ? బిందెడు చన్నీళ్లు తెచ్చి ఒక్కసారిగా కుమ్మరించాడు. కాలే మట్టి పెనం మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో అట్లు పోసుకునే ప్రతి ఇల్లాలికీ తెలుసు. నా లోపల టక్కుమంది. ఇంజనుకి బ్లాకని ఒకటుంటుంది. పిస్టన్లన్నిటినీ పొట్టలో పెట్టుకునే పెద్ద ఇనప దిమ్మ అది. దానికి వెంట్రుకంత పగులిచ్చింది.

బ్లాకు మార్చాలంటే కొత్త ఇంజను కొన్నంత పని. గుర్నాథం గారు మార్చలేదు. లోపల అతుకు వేయించి, పైన మూత బిగించి, ఒళ్లంతా మెరిసేలా రంగు కొట్టించి, చలికాలం పొద్దున్నే నన్ను బేరానికి పెట్టారు. చలిలో ఇంజను కాగదు, కాగకపోతే పగులు తెరుచుకోదు. నందిగామ నుంచి వచ్చిన సుబ్బారాయుడు గారు నా చుట్టూ రెండుసార్లు తిరిగి, టైర్లు కాలితో తన్ని చూసి కొనేశారు. లారీ కొనేవాళ్లంతా టైర్లని తంతారు. దాంతో వాళ్లకి ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సుబ్బారాయుడు గారి దగ్గరే నాకు ఏసోబు దొరికాడు.

ఏసోబు బక్కపలచటి మనిషి. కీచుగొంతు. కోపం వస్తే పాట పాడతాడు. యజమాని రాయించిన దుర్గమ్మకి పొద్దున్నే అగరొత్తి వెలిగించేవాడు, తన మెళ్లోని చిన్న సిలువని కళ్లకద్దుకునేవాడు, ఇద్దరికీ చెప్పుకున్నాకే సెల్ఫు కొట్టేవాడు. మొదటిరోజు కంచికచర్ల దగ్గర టీ కొట్టు ముందు నన్నాపాడు. దిగాడు. టీ కొట్టువైపు పోతాడనుకుంటే పంపు దగ్గరికి పోయి క్యానుతో నీళ్లు పట్టుకొచ్చి, రేడియేటరు మూతతీసి, అంచుదాకా నింపాడు. తర్వాతే పోయి టీ తాగాడు.

"ఏంది ఏసోబూ, దానికేవన్నా మొక్కుకున్నావా?" అని టీ కొట్టాయన నవ్వాడు.

"మా అయ్య మున్నేట్లో ఇసక బండి తోలేవోడు," అన్నాడు ఏసోబు. "ఎద్దు తాగినాకే మనిషి తాగాల అనేవోడు. అది నోరు తెరిసి అడగదు గదా."

ఆ రోజు మొదలు ఎక్కడాగినా అదే పద్ధతి. ముందు నాకు నీళ్లు, తర్వాతే అతనికి టీ. వేసవిలో దారిలో పంపు కనపడకపోతే తాను తాగే సీసాలో నీళ్లు నాకు పోసి, తాను ఎండిన నోటితో కూర్చునేవాడు. నన్ను కొట్టినవాళ్లున్నారు, తన్నినవాళ్లున్నారు, నా నుదుటిమీద దేవుణ్ణి రాసి మొక్కినవాళ్లున్నారు. నాకు దాహం వేస్తుందని అనుకున్నవాడు ఏసోబు ఒక్కడే. అతనంటే నాకు ప్రాణం.

ఇక్కడే చెప్పాలి, ఆ మంచితనం మా ఇద్దరినీ ఎక్కడికి తెచ్చిందో.

గుర్నాథం గారి అతుకు కొన్నేళ్లు ఆగింది. తర్వాత వదులైంది. ఇంజను వేడెక్కినప్పుడల్లా పగులు కొంచెం తెరుచుకుని, రేడియేటరులో నీళ్లు లోపలికి జారి, మంటలో ఆవిరై పొగగొట్టంలోంచి పోయేవి. మొదట్లో చెంబుడు పోయేవి. తర్వాత క్యానులో సగం. తర్వాత క్యానంతా. వేరే డ్రైవరైతే ఒకరోజు నీళ్లు పోయడం మర్చిపోయేవాడు, నేను రోడ్డు మధ్యలో ఉడికిపోయి ఆగేదాన్ని, జబ్బు బయటపడేది. ఏసోబు మర్చిపోతేగా. ఆగినచోటల్లా పోస్తూనే ఉన్నాడు. ఎంత పోస్తున్నాడో అతను చూసుకోలేదు. బిడ్డ రెండు ముద్దలు ఎక్కువ తింటే ఏ తల్లి లెక్కపెడుతుంది?

పోనుపోను పిస్టన్లు అరిగి ఇంజను ఆయిలు కాల్చడం మొదలెట్టాను. వెనక నీలం పొగ. ఎత్తు రోడ్డెక్కాలంటే ఆయాసం. సుబ్బారాయుడు గారికి అప్పటికే లారీల మీద విసుగు పుట్టింది. ఒక సాయంత్రం ఏసోబుని పిలిచారు.

"ఒరేయ్, దీన్ని వదిలించుకుందామనుకుంటున్నా. ఇంజను బోరుకొచ్చింది. బాగుచేయించే ఓపిక నాకు లేదు. బయటోడికి చెప్పేముందు నీకు చెబుతున్నా. ఇన్నేళ్లు తోలావు. నీకైతే ధర దగ్గర గీసిగీసి బేరమాడన్లే. ఆలోచించుకో."

ఏసోబు తల గోక్కున్నాడు. "చూత్తా బాబుగారూ" అన్నాడు. అని, నేరుగా వచ్చి నా స్టీరింగు ముందు కూర్చుని, ఎక్కడికీ పోయేది లేకపోయినా అట్లాగే చాలాసేపు కూర్చున్నాడు.

నాకు ఆశ పుట్టింది. సిగ్గులేకుండా చెబుతున్నాను. ఇతను కొంటే నేను బతుకుతాను. కొనకపోతే ఎవడో పరాయివాడి చేతిలోనో, పాత ఇనుము కొట్లోనో తేలతాను. అయితే నేను బతికితే అతనేమవుతాడో కూడా నాకు తెలుసు. ఆ రెండు మాటలూ ఒకే పొట్టలో పెట్టుకుని తిరగడం ఎంత కష్టమో మీకు చెప్పలేను.

ఎందుకంటే ఆ డబ్బు సంగతి నాకు తెలుసు. ఏసోబు దారిపొడవునా నాతో మాట్లాడేవాడు కదా. కాలనీలో అతనికి ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో ఇల్లు గోడలదాకా లేచి ఆగిపోయింది. పైన నీలం టార్పాలిన్ పట్టా కట్టుకుని అతనూ, భార్య మార్తమ్మా ఉంటున్నారు. గాలివాన వస్తే పట్టా చివర్లు చెరొకరు పట్టుకుని నిలబడతారట. మార్తమ్మ మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోయి, చేతులు మండుతుంటే మజ్జిగలో ముంచుకుంటూ, స్లాబు కోసమని చీటీ కట్టింది. ఆ చీటీ పాట ఇప్పుడు చేతికొచ్చింది. దాంతో స్లాబన్నా వేయాలి, నన్నన్నా కొని బాగుచేయించాలి. రెండూ కుదరవు.

లారీ మీద సంపాదించి ఆ వచ్చేదాంతో స్లాబు వేద్దామని ఏసోబు లెక్క. అది మరీ తెలివితక్కువ లెక్కేం కాదు, నా పొట్టలో పగులు లేకపోతే.

నన్ను ఆటోనగర్‌లో నాగుల్ మీరా షెడ్డుకి తీసుకెళ్లాడు. మీరా ఏసోబుకి పాత స్నేహితుడు, ఇంజన్ల మేస్త్రి. స్క్రూడ్రైవరు కొన నా ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. ఆయిలు పోసేచోట మూత తీసి అరచెయ్యి అడ్డంపెట్టాడు. లోపల్నుంచి గాలి కొట్టింది.

"బోరుకొచ్చిందన్నా. లైనర్లు, పిస్టన్లు, రింగులు, అన్నీ మార్చాల. పెద్దపనే. కానీ చేస్తే మళ్లా కొత్త పెళ్లికూతురే. నీళ్లేవన్నా తాగిద్దా?"

"ఛ, అదేం లేదు. మామూలే," అన్నాడు ఏసోబు.

అది అబద్ధమైతే నేనంత బాధపడేదాన్ని కాను. మనస్ఫూర్తిగా చెప్పిన నిజమది. ఎద్దుకి నీళ్లు పెట్టడం ఎద్దు జబ్బెట్లా అవుతుంది? అప్పుడే క్యానుతో నీళ్లు పోసి వచ్చినవాడి చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. మీరా కూడా ఆ మాట మళ్లీ అడగలేదు. తోలేవాడి మాటకన్నా సాక్ష్యం ఇంకేం కావాలి? నా పొగలో నీళ్ల ఆవిరి తెల్లగా కలిసి పోతూనే ఉంది, కానీ ఆయిలు కాలిన నీలంలో ఆ తెలుపెవరికి కనపడుతుంది?

నేనూ ఊరుకున్నాను. ఊరుకోక ఏం చేయగలను అని మీరనొచ్చు. నిజమే. కానీ మాట్లాడగలిగినా ఆ పూట ఊరుకునేదాన్నేమో.

ఏసోబు సంతోషం పట్టలేక పక్కనున్న పెయింటరుని పిలిచాడు. బేరం తెగలేదు, బయానా ఇవ్వలేదు, ఆలు లేదు చూలు లేదు. అయినా నా నుదుటిమీద ఏం రాయించాలో మాత్రం అతనికి తెలుసు. పెయింటరు దుర్గమ్మ బొమ్మ కింద ఖాళీలో సుద్దతో అక్షరాలు గీశాడు: మార్తమ్మ. "రంగు బేరమయ్యాక వేద్దువులే," అన్నాడు ఏసోబు. నందిగామ చేరేదాకా పాడుతూనే ఉన్నాడు. ఆ పాట కోపంతో పాడేది కాదు.

బయానా ఇచ్చే రోజు వచ్చింది. మీరా షెడ్డులోనే, మీరా ఎదుటే ఇచ్చిపుచ్చుకోవాలని మాట. సుబ్బారాయుడు గారు బస్సులో వస్తానన్నారు. మార్తమ్మ కూడా బయల్దేరింది. డబ్బు చీరకొంగున ముడివేసి నడుముకి దోపుకుంది.

"నువ్వెందుకే?" అన్నాడు ఏసోబు.

"నా స్లాబు ఎక్కి పోతన్నా. ఎట్టుందో చూసుకోవద్దా?"

అన్నేళ్లలో ఆమె నా క్యాబిన్‌లోకి ఎక్కడం అదే మొదటిసారి. నా నుదుటిమీది పేరు చూసి, చదవగలిగినంత చదివి, "ఏందయ్యా ఈ పని, నలుగురూ నవ్వరూ?" అంది. మళ్లీ ఇంకోసారి చూసింది. ఆ రోజు నేను ఒక్క సెల్ఫుకే అందుకున్నాను. దగ్గలేదు, ముక్కలేదు. కొత్త కోడల్లా ఒద్దికగా నడిచాను. ఎంత నటించానంటే, కాసేపు నా పగులు సంగతి నేనే మర్చిపోయాను.

కంచికచర్లలో ఆపాడు. క్యాను తీసుకుని పంపు దగ్గరికి పోయాడు. నీళ్లు పోశాడు. మార్తమ్మ కిందకి దిగి చూస్తూ నిలబడింది. తర్వాత ఇద్దరూ టీ తాగారు. మళ్లీ ఇబ్రహీంపట్నంలో ఆపాడు. మళ్లీ క్యాను తీసుకున్నాడు. మూత తీసి పోయడం మొదలెట్టాడు. గలగలమంటూ క్యానంతా ఖాళీ అయింది.

"ఏవయ్యా," అంది మార్తమ్మ. "ఇందాక పోసినయ్యి ఏవైనయ్యి?"

"ఏవైతాయే? తాగింది."

"తాగితే?"

"తాగితే ఏందే, దాహం గదా దానికి." ఏసోబు నవ్వాడు.

ఆమె నవ్వలేదు. వంగి నా కిందకి చూసింది. నేల పొడిగా ఉంది. మోకాళ్లమీద కూర్చుని మరీ చూసింది. "నేను పంపు కాణ్ణించి బిందె మోసుకొత్తా. ఇంటికొచ్చేసరికి బిందె ఖాళీ అయిందనుకో, నా చీరన్నా తడిసుండాల, దారన్నా తడిసుండాల. కింద చుక్క లేదు. ఇంత నీళ్లు ఏడకి బోతన్నయ్యయ్యా?"

అంతే. ఆమె దెప్పలేదు. తెలియక అడిగింది. బిందె బరువు తెలిసిన మనిషి, నీళ్లు ఊరికే మాయం కావని తెలిసిన మనిషి అడిగే ప్రశ్న అది.

ఏసోబు చేతిలో క్యాను అట్లాగే ఉంది. ముఖంలో నవ్వు కాసేపు నిలబడి, ఎటు పోవాలో తెలియనట్టు ఆగి, చల్లగా జారిపోయింది. అతను డ్రైవరు. జబ్బు పేరు చెబితే చాలు, గుర్తుపట్టగలడు. ఇన్నాళ్లూ దానికి తాను దాహమని పేరు పెట్టుకున్నాడు. టీ కొట్టువైపు చూశాడు గానీ పోలేదు. ఆ పూట అతను టీ తాగలేదు. అక్కణ్ణుంచి ఆటోనగర్ దాకా పాట లేదు.

నేను అప్పుడు ఏమనుకున్నానో దాచుకోను. ఒక పక్క గుండెల మీద బండ దింపినట్టయింది. ఇంకో పక్క, అడక్కపోతే ఏం పోయింది తల్లీ అని మార్తమ్మ మీద కోపం వచ్చింది.

షెడ్డులో ఏసోబు మీరాతో ఒకటే మాట అన్నాడు. "తాగిద్ది మీరా. శానా తాగిద్ది."

మీరా అతని వైపోసారి చూసి, రేడియేటరు మూత తీయించి ఇంజను స్టార్టు చేయమన్నాడు. యాక్సిలేటరు తొక్కగానే నీళ్లలో బుడగలు లేచాయి. అన్నం ఉడుకుతున్నట్టు గుబగుబమంటున్నాయి. అప్పటికి సుబ్బారాయుడు గారు వచ్చారు. విషయం చెబితే, "విప్పి చూడండి, నాకు మాత్రం భయమేంటి?" అన్నారు. మీరా ఇంజను పైమూత విప్పాడు. నూనెగుడ్డతో తుడిచాడు. టార్చి వేశాడు. గుర్నాథం గారి అతుకూ, అతుకు పక్కనుంచి పాకిన పగులూ, అన్నాళ్లుగా నేను దాచుకున్నదంతా నలుగురి ముందూ బయటపడింది.

"అంటే నన్నూ ముంచాడన్నమాట ఆ గుర్నాథం," అన్నారు సుబ్బారాయుడు గారు నీరసంగా.

ఏసోబు పగులుని వేలితో తడిమాడు. "నేను నీళ్లు పొయ్యకపోతే ముందే తెలిసేదా మీరా?"

మీరా చేతులు తుడుచుకున్నాడు. "నువ్వట్టా పొయ్యబట్టే ఇన్నేళ్లు బతికిందన్నా. నువ్వట్టా పొయ్యబట్టే ఎవరికీ తెలవలా."

"మళ్లా అతుకెయ్యలేమా?"

"ఎయ్యొచ్చు. రేపు పోవచ్చు, ఏడాది ఆగొచ్చు. అల్లాకెరుక."

"నీ డబ్బైతే కొంటావా?"

"కొనను. బండి నాదైతే, మూత బిగిచ్చి రంగేసి నీలాంటోడికి అమ్ముతా."

ఏసోబు మార్తమ్మ వైపు తిరిగాడు. ఆమె నడుమున డబ్బు ముడి మీద చెయ్యేసి నిలబడి ఉంది. వద్దని ఆమె ఒక్క మాట అంటే అతనికి ఎంత సుఖంగా ఉండేదో! తప్పు ఆమె మీదకి నెట్టి జీవితాంతం పాడుకునేవాడు. ఆమె అనలేదు.

"నీ ఇట్టమయ్యా. పట్టా చివర ఇంకో రెండేళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా. నీకు దానిమీద ఎంత పేణమో నాకు తెలవదా?"

అతను క్యాబిన్ ఎక్కాడు. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఇంజను పొట్ట తెరిచి ఉంది, అయినా అలవాటు కొద్దీ గేరు మీద చెయ్యేశాడు. కొనవయ్యా, అనుకున్నాను. ఏడాదో, ఆరునెలలో, ఎన్నాళ్లయితే అన్నాళ్లు, దగ్గుతూ అయినా నీతో తిరుగుతాను. ఆ వెంటనే, పట్టా కింద నిలబడ్డ ఇద్దరు మనుషులు నా కళ్లకు కట్టారు. వద్దు, దిగిపో, అనుకున్నాను. ఇందులో ఏది గట్టిగా అనుకున్నానో నాకే తెలియదు. అతనికి రెండూ వినపడలేదు.

దిగాడు. ముందుకొచ్చాడు. బంపరు మీద కాలుపెట్టి ఎక్కి, భుజమ్మీది తువ్వాలు తీసి, నా నుదుటిమీద సుద్దతో రాసిన పేరు తుడిచేశాడు. మొదట మెల్లగా తుడిచాడు. పోని గీతల్ని తర్వాత గట్టిగా రుద్దాడు. కింద నిలబడ్డ మార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. స్లాబు దక్కింది ఆమెకే, ఏడ్చిందీ ఆమే.

సుబ్బారాయుడు గారు గొంతు సవరించుకున్నారు. "సరే మీరా, పైమూత బిగించెయ్. కోదాడ పార్టీ ఒకళ్లు చూస్తామన్నారు."

మీరా రెంచీ అందుకోలేదు. ఏసోబు వైపు చూశాడు. షెడ్డు మూల రంగుడబ్బాలున్నాయి. చెడ్డవాళ్లు కారు వాళ్లెవరూ. ఒక్క మాట ఎవరూ మాట్లాడకుండా ఉంటే చాలు, నేను మళ్లీ రోడ్డెక్కుతాను. చలికాలం పొద్దున ఇంకొకడు వచ్చి నా టైర్లు తన్ని చూస్తాడు.

"ఆ వచ్చేటాయన ఎవరోగానీ," అన్నాడు ఏసోబు, "ఆయన కూడా నాలాంటోడే అయ్యుంటాడు బాబుగారూ. ఉన్నోడైతే కొత్తదే కొనుక్కుంటాడు గదా."

సుబ్బారాయుడు గారు చాలాసేపు నా టైర్ల వంక చూశారు. చివరికి, "పాత ఇనుము వాళ్లని పిలువు," అని మీరాతో అని, చెప్పులు ఈడ్చుకుంటూ బయటికి పోయారు. నన్ను ప్రాణంగా చూసుకున్న ఏసోబే నాకు చావు రాశాడు. అందుకు అతన్ని తిట్టుకోను. కానీ ఆ రోజు తిట్టుకోలేదంటే మాత్రం అబద్ధం.

తర్వాత సంగతి చెప్పుకునేందుకు పెద్దగా లేదు. గ్యాసు కటింగువాళ్లు నన్ను ముక్కలు కోశారు. ఇంజను కరిగించడానికి పోయింది, దూలాలు ఎటో పోయాయి. దుర్గమ్మ రేకు కోసినప్పుడు కింద నుంచి ఆంజనేయుడి తోకా, లక్ష్మీదేవి పద్మమూ కొంచెం కొంచెం కనిపించాయట. ఇంజనుతోనే నా ప్రాణం పోవాలి. ఎందుకు పోలేదో నాకు తెలియదు. నా చెక్కంతా ఒక మూల పడేస్తే, ఒకరోజు మార్తమ్మ వచ్చింది. గుమాస్తాతో వాదించి, విసిగించి, టేకు డాలా బేరమాడి కొనుక్కుపోయింది. స్లాబు పడింది గానీ ఇంటికి తలుపు లేదు మరి.

కాబట్టి ఇప్పుడు నేను ఒక తలుపుని. నందిగామ దగ్గర ఒక కాలనీలో, రెండు గదుల ఇంటికి. నామీద పాత అక్షరాలు అట్లాగే ఉన్నాయి: హారన్ కొట్టుము. ఇరుగుపొరుగువాళ్లు తట్టడం మానేసి, గుమ్మం ముందు నిలబడి నోటితో పీం పీం అంటారు. మొదట్లో మార్తమ్మకి కోపం వచ్చేది, ఇప్పుడు లోపల్నుంచే "సైడిచ్చాం, రాండి" అంటుంది. ఎంత వాన కురిసినా ఈ ఇంట్లో ఎవరూ దేని చివరా పట్టుకుని నిలబడరు. ఆ వాన చప్పుడు వింటూ నేనూ నిలబడతాను.

ఏసోబు వేరే షావుకారు దగ్గర కొత్త లారీ తోలుతున్నాడు. దాంట్లో నీళ్లకి బదులు ఏదో రంగు ద్రావకం పోసి మూత బిగించారట. మూత ముట్టుకుంటే ఊరుకోనని షావుకారు చెప్పాడట. ఆగినచోట దిగి ఏం చేయాలో తోచక నిలబడుతున్నానని, టీ గొంతు దిగడం లేదని మార్తమ్మతో చెబుతుంటాడు. నేను ఇద్దరి మధ్యా నిలబడి వింటాను.

డ్యూటీ దిగి ఇంటికొచ్చినప్పుడు మార్తమ్మ గుమ్మంలోనే చెంబుతో నీళ్లిస్తుంది. అతను వెంటనే తాగడు. అరచేతిలో కాసిని పోసుకుని ముందు నామీద చల్లుతాడు. తర్వాతే చెంబెత్తుతాడు.

"చెక్క చీకిపోయిద్దయ్యా, ఎన్నిసార్లు చెప్పాల?" అంటుంది మార్తమ్మ.

ఆమె మాట నిజమే. కింది అంచు దగ్గర ఇప్పటికే మెత్తబడుతోంది. నాకిప్పుడు దాహం లేదు. ఆ ముక్క అతనికి చెప్పేందుకు నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.